వెళ్ళేటప్పుడు మీరు, వచ్చేటప్పుడు నేను

షోరూములో సేల్స్‌మన్ చెప్పవలసిందంతా డ్రైవరు గారికే చెప్పాడు. కండక్టరమ్మ పక్కనే నిలబడి ఉన్నా, ఆమె వైపు తిరిగినప్పుడల్లా రంగుల గురించి మాత్రమే మాట్లాడాడు. ఎరుపైతే దుమ్ము కనిపించదనీ, పసుపైతే ఫొటోలో బాగా పడుతుందనీ. ఆమె రంగుల సంగతి వదిలేసి, ఇందులో క్లచ్ ఏదని అడిగింది. ఇందులో క్లచ్ ఉండదనీ, యాక్సిలరేటరూ బ్రేకూ రెండే ఉంటాయనీ ఆ ప్రశ్నకి జవాబు కూడా డ్రైవరు గారికే చెప్పాడు.

వాళ్ళిద్దరూ బస్సుల డిపోలో పనిచేసి రిటైరైన మొగుడూ పెళ్ళాలు. ఆయన డ్రైవరు, ఆమె కండక్టరు. పెళ్ళికి ముందు నుంచీ ఒకే బస్సు. ఆయన ఆమెని ముందు అద్దంలోనే చూశారు, అద్దంలోనే ఇష్టపడ్డారు. పెళ్ళయ్యాక కూడా డ్యూటీలో ఆయన మొహం ముందుకీ, ఆమె వెనక తలుపు దగ్గరా. అందుకని ఇరుగుపొరుగు వాళ్ళు అసలు పేర్లు ఎప్పుడో మరిచిపోయి, డ్రైవరు గారు, కండక్టరమ్మ అనే పిలిచేవారు. రిటైరయ్యాక కూడా ఆ పిలుపులు రిటైరు కాలేదు.

బండి పేరు సైడ్ బై సైడ్. జీపుకీ నాలుగు చక్రాల మోటారుసైకిలుకీ నడిమిరకం. తలుపులకి బదులు వలలు, పైన ఇనప గొట్టాల పంజరం, వెనక సామాన్లకి చిన్న తొట్టి. సీట్లు రెండే, పక్కపక్కన. టైర్లయితే బస్సు టైర్లతో బతుకు గడిపిన డ్రైవరు గారు కూడా వంగి తట్టి చూసి ఊఁ అన్నంత గట్టివి. రోడ్డు లేని చోట తిరగడానికే చేసిన బండి అది. ఆయనకి కావలసిందీ అదే. ఉద్యోగమంతా ఒకే రూటు. తిరగమన్న చోట తిరిగారు, ఆగమన్న చోట ఆగారు. పక్కనున్న కొండ మీదికి మట్టిబాట ఒకటి పోతుంటే, అది ఎక్కడికి పోతుందో అని రోజూ అనుకుంటూ రోజూ దాన్ని దాటిపోయారు. పోయినవాళ్ళెవరో చెబితే వినడమే గాని ఆ బాట తొక్కింది లేదు. ఈ వయసులో వాలుకుర్చీ కొనుక్కోక ఇదేం సరదా అని కూతురు ఫోనులో గునిసింది. వాలుకుర్చీకి స్టీరింగుండదమ్మా అన్నారాయన.

కండక్టరమ్మ కోరిక వేరు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆమె డిపో ఆవరణలో బస్సు నడపడం నేర్చుకుంది. పరీక్ష ప్యాసైంది, లైసెన్సు తీసుకుంది. ఆ తర్వాత కూతురు పుట్టింది. ఒకే ఇంట్లో ఇద్దరూ డ్రైవర్లయితే ఇద్దరూ రెండు దిక్కులకి పోవాలి, పిల్లని చూసేదెవరన్న మాట వచ్చింది. ఆమె మళ్ళీ కండక్టరు బ్యాగే భుజాన వేసుకుని వెనక తలుపు దగ్గరికి వెళ్ళింది. లైసెన్సు మాత్రం గడువు ముగిసినప్పుడల్లా తిరగరాయించుకుంటూనే ఉంది. దానితో ఎక్కడికీ పోయింది లేదు. బండి పోవాలంటే ఆమె రైట్ రైట్ అనాలి, పోయేది మాత్రం ఇంకొకరి చేతుల్లో. అలాగే సర్వీసంతా గడిచిపోయింది.

అందుకే షోరూములో సంతకం దగ్గరికి వచ్చేసరికి ఆమె పెన్ను మీద చెయ్యి వేసింది.

"ఒక మాట. వెళ్ళేటప్పుడు మీరు, వచ్చేటప్పుడు నేను. ఒప్పుకుంటేనే సంతకం."

డ్రైవరు గారు సేల్స్‌మన్ వైపు చూశారు. సేల్స్‌మన్ టైర్ల వైపు చూశాడు. పరాయి మనిషి ముందు కాదనలేక, దానికేం భాగ్యం, అలాగే కానీ అనేశారాయన. సేల్స్‌మన్ అప్పుడు మొదటిసారి కండక్టరమ్మ వైపు పూర్తిగా తిరిగి, మేడమ్, మీ సీటు ముందుకి జరుపుకోవచ్చు, ఇదిగో ఈ మీట అని చూపించాడు.

అలాగే కానీ అనడం తేలిక. బండి ఇంటికొచ్చాక ఆయన చేతులు స్టీరింగుకి అంటుకుపోయాయి. మొదటివారం కొత్త ఇంజను, అలవాటు పడాలన్నారు. ఎవరికి అలవాటు పడాలో చెప్పలేదు. తర్వాత వాన పడింది, నేల జారుతుందన్నారు. నేల ఆరాక దుమ్ము లేస్తుందన్నారు. ఒకరోజు ఆమె ముందుగా వెళ్ళి స్టీరింగు ముందు కూర్చుంటే, ఆయన అరగంట సేపు టైర్లలో గాలి చూస్తూ బండి చుట్టూ తిరిగారు. చివరికి భోజనం వేళయిందని లోపలికి వెళ్ళిపోయారు. సీట్లకి చుట్టిన ప్లాస్టిక్ కవర్లు కూడా తియ్యనివ్వలేదు. కూర్చుంటే కరకరమంటూ, దిగితే చెమటతో పట్టుకుని వస్తూ, ఆ కవర్లు ఆమె ప్రాణం తీశాయి.

ఇంకో విచిత్రం. బండి తనదే అయినా, తాళం తన చేతిలోనే ఉన్నా, కండక్టరమ్మ రైట్ రైట్ అనకపోతే డ్రైవరు గారి కాలు కదిలేది కాదు. ఇంజను వేసి కూర్చునేవారు. పక్కనున్న ఆమె ఏదో ఆలోచనలో ఉంటే అలాగే కూర్చుని ఉండేవారు. ఏమండీ, పోనివ్వరేం అంటే, నువ్వు చెప్పందే ఎలా పోనిస్తానోయ్ అనేవారు. వెనక్కి తీయాలంటే మరీ కష్టం. ఆమె దిగి వెనక్కి వెళ్ళి, తొట్టి మీద అరచేత్తో కొడుతూ, రానీ రానీ, ఇంకా రానీ, హోల్డాన్ అనాలి. వెనక ఖాళీ మైదానం ఉన్నా సరే. ఎదురింటి దర్జీ కిటికీలోంచి ఇదంతా చూసి, రోజూ ఈ సర్వీసు ఎన్నింటికి బయల్దేరుతుందండీ అని అడిగాడు.

మాట్లాడటం సంగతి ఇంకొకటి. డ్రైవరుతో మాట్లాడరాదన్న బోర్డు ఆయన నెత్తి మీద సర్వీసంతా వేలాడింది. ఇప్పుడు బోర్డు లేదు. అన్నాళ్ళ మాటలూ ఒక్కసారి బయటపడటం మొదలుపెట్టాయి. స్టీరింగు పట్టుకున్నారంటే చాలు, టైర్ల గురించి, పాత డిపో మేనేజరు గురించి, తాను చేయని యాక్సిడెంట్ల గురించి ఒకటే ధోరణి. కళ్ళు మాత్రం రోడ్డు మీంచి తీసేవారు కాదు. పక్కకి తిరగడమన్న అలవాటే లేదు. ఆమె ఊఁ కొట్టినా కొట్టకపోయినా ఆయనకి ఒకటే.

ఒక ఆదివారం కొండబాట బళ్ళ క్లబ్బు వాళ్ళు కొత్తవాళ్ళని తీసుకుని కొండ ఎక్కారు. క్లబ్బుకి పెద్ద ఒక తాళాల మేస్త్రి. ముందు బండి ఆయనది. వరసలో చివరి బండి ఒక పళ్ళ డాక్టరమ్మది. దానికి ముందు మన బండి. బయల్దేరేముందు తాళాల మేస్త్రి నియమాలు చెప్పాడు. బెల్టులు పెట్టుకోవాలి, హెల్మెట్లు తీయకూడదు, ముందు బండి దుమ్ము కనిపించేంత దూరంలోనే ఉండాలి, దారి చీలిన చోట ఆగి వెనకవాళ్ళని చూసుకోవాలి. కొండపైన చదునుగా ఉన్న చోట కాసేపు ఆగి దిగడం మొదలుపెడతామన్నాడు.

"పైనుంచి నేను," అంది కండక్టరమ్మ హెల్మెట్టు కట్టుకుంటూ.

డ్రైవరు గారు హెల్మెట్టులోంచి ఏదో అన్నారు. అది అలాగే అన్నట్టూ ఉంది, చూద్దాం అన్నట్టూ ఉంది.

"ఇవాళ కూడా ఇవ్వకపోతే," అందామె, "రేపట్నుంచి రైట్ రైట్ మీరే చెప్పుకోండి. నేను ఈ బండెక్కను."

ఆమె అలా అంటే అంతే. కోపం వచ్చినప్పుడు కేకలు వేసే మనిషి కాదు. ఒకసారి టిక్కెట్టు లేదని ఒక పెద్దమనిషిని నడివానలో దించేసింది. ఆయన డిపో మేనేజరు మామగారని తెలిశాక కూడా మళ్ళీ ఎక్కించుకోలేదు.

కొండబాట బాగుంది. ఒకవైపు రాళ్ళగట్టు, రెండోవైపు పొదల లోయ. చక్రం గుంతలో పడ్డప్పుడల్లా ప్లాస్టిక్ కవరు మీద ఇద్దరూ జారి ఒకరి భుజం ఒకరికి తగిలేది. ఇన్నేళ్ళలో ఒకే బండిలో పక్కపక్కన కూర్చున్నది తక్కువే కదా, ఆ తగలడం కండక్టరమ్మకి బాగానే ఉంది. డ్రైవరు గారు మాత్రం పాత డిపో మేనేజరు టైర్లు ఎలా దాచిపెట్టేవాడో చెప్పుకుపోతున్నారు. పైకి చేరాక ఆగారు. అందరూ నీళ్ళు తాగారు. దిగడానికి లేచేసరికి డ్రైవరు గారు అందరికంటే ముందు వెళ్ళి స్టీరింగు ముందు కూర్చుని, బెల్టు పెట్టేసుకుని, దిగుడు చాలా నిటారుగా ఉందోయ్, ఈ ఒక్క మలుపు నేను దించేస్తాను, ఆ తర్వాత నీదే అన్నారు.

కండక్టరమ్మ ఏమీ అనలేదు. పక్కసీట్లో కూర్చుని ఎదురుగా చూసింది. ఆ మౌనం ఏ రకానిదో ఆయనకి తెలియకపోదు. అందుకే టైర్ల గురించి ఇంకాస్త గట్టిగా చెప్పడం మొదలుపెట్టారు.

ఒక్క మలుపు రెండు మలుపులైంది. మూడో మలుపులో గట్టు జారి పెద్ద బండరాయి దారికి అడ్డంగా పడి ఉంది. ముందు బళ్ళు దాని పక్కనుంచి చుట్టు తిరిగి పోయాయి. డ్రైవరు గారు మరీ దగ్గరికి తెచ్చేశారు. వెనక్కి తీస్తే తప్ప తిరగదు. తీయండి అని ఆమె అనలేదు. ఆయనా దిగమని అడగలేదు. కానీ వెనక్కి గేరు పడగానే ఆమె చెయ్యి దానంతటదే బెల్టు విప్పేసింది, కాళ్ళు దిగిపోయాయి. వెనక్కి వెళ్ళి తొట్టి మీద అరచేత్తో కొట్టింది. రానీ. రానీ. ఇంకా రానీ. హోల్డాన్. బండి సరిగ్గా ఆగింది, మూతి దారికి తిరిగింది. పని చక్కగా జరిగింది. పని చక్కగా జరిగితే తర్వాత ఏం చెయ్యాలో ఆమె నోటికి తెలుసు.

"రైట్ రైట్," అంది రెండుసార్లు తట్టి.

బస్సులో వరస అదే. ముందు రైట్, తర్వాత కదిలే బస్సుకి చెయ్యి, తర్వాత ఫుట్‌బోర్డు మీద కాలు. ఆమె చెయ్యి చాచింది. పట్టుకోవడానికి కమ్మీ లేదు. కాలు ఎత్తింది. పెట్టడానికి ఫుట్‌బోర్డు లేదు. డ్రైవరు గారికి రైట్ అంటే రైటే. సర్వీసంతా ఆ మాటకి ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడవలసిన అవసరం రాలేదు, ఇప్పుడూ తిరగలేదు. బండి మలుపు తిరిగి దుమ్ములో కలిసిపోయింది. దుమ్ములోంచి ఆయన గొంతు మాత్రం కాసేపు వినిపించింది. అప్పుడు ఆ మేనేజరు ఏం చేశాడో తెలుసా అంటున్నారు.

కండక్టరమ్మ ఒంటికాలి మీద అలాగే కాసేపు నిలబడింది. ఆయన్ని తిడదామని నోరు తెరిచింది. కానీ న్యాయంగా చూస్తే, వెళ్ళమన్నది తనే.

వెనకనుంచి పళ్ళ డాక్టరమ్మ బండి వచ్చి ఆగింది. చివరి బండి పని దారిలో పడిపోయినవన్నీ ఏరుకురావడం.

"మామూలుగా టోపీలూ నీళ్ళ సీసాలూ దొరుకుతాయి," అంది డాక్టరమ్మ. "మనిషి దొరకడం ఇదే మొదలు. ఎక్కండి."

ఎక్కుతూ కండక్టరమ్మ జరిగింది జరిగినట్టు చెప్పింది. షోరూము ఒప్పందంతో సహా. డాక్టరమ్మ శ్రద్ధగా విని, ఆ తర్వాత ఇంజను ఆపి కిందికి దిగింది. తనకి పొద్దున్నుంచీ ఏమీ తినే వీలు కాలేదనీ, డబ్బాలో బ్రెడ్డు ముక్కలున్నాయనీ, తినాలంటే రెండు చేతులూ ఖాళీ ఉండాలనీ అంది. ఇటొచ్చి కూర్చోమని స్టీరింగు వైపు చూపించింది.

"నాకు లైసెన్సుంది గాని..." అంది కండక్టరమ్మ.

"నోరు తెరవమంటే ఎంత మొండివాళ్ళైనా నా మాట వింటారు. మీరు కూర్చోమంటే కూర్చోరేం?"

కండక్టరమ్మ కూర్చుంది. సీటు మీటతో ముందుకి జరుపుకుంది. స్టీరింగు అనుకున్నదానికన్నా చిన్నది, అనుకున్నదానికన్నా తేలిక. రైట్ రైట్ అంది. ఎవరికి చెబుతున్నారని డాక్టరమ్మ అడిగితే, నాకేనండీ అని యాక్సిలరేటరు తొక్కింది. బండి కప్పలా ఎగిరి ముందుకి దూకింది. డాక్టరమ్మ బ్రెడ్డుముక్క ఒకటి లోయలోకి వెళ్ళిపోయింది. దిగుడులో బ్రేకు మీదే కాలు పెట్టి ఉంచకండి, చిన్న గేరులో వదిలెయ్యండి, ఇంజనే పట్టుకుంటుంది అని డాక్టరమ్మ నమలుతూ చెప్పింది. అలా వదిలేసరికి బండి నిజంగానే దానంతటది బుద్ధిగా దిగింది. రెండో మలుపుకి కండక్టరమ్మ భుజాలు కిందికి దిగాయి. మూడో మలుపుకి ఆమె పెదాలు చెవుల దాకా వెళ్ళాయి. హెల్మెట్టు లోపల కాబట్టి ఎవరికీ కనిపించలేదు.

దారి చీలిన చోట జనం గుమిగూడి ఉన్నారు. వాళ్ళ మధ్య కొత్త బండి, వెనక చక్రాలు రెండూ ఇరుసు దాకా బురదలో. డ్రైవరు గారు హెల్మెట్టు తీసేసి, కాలు కాలిన పిల్లిలా అటూ ఇటూ తిరుగుతున్నారు.

జరిగింది తాళాల మేస్త్రి చెప్పాడు. డ్రైవరు గారు చీలిక దగ్గర ఆగి, ఎటోయ్ అని అడిగారట. జవాబు లేదు. మళ్ళీ అడిగారట. లేదు. రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండానే, సరేలే, కోపం తెచ్చుకోకు, తప్పు నాదే, ఇచ్చిన మాట ఇచ్చినట్టు ఇక్కణ్ణుంచి నువ్వే నడుపు, అదీ చాలకపోతే వచ్చేవారం ఎక్కేటప్పుడూ నువ్వే నడుపు అన్నారట. అప్పటికి మేస్త్రి వెనక్కొచ్చి బండి పక్కనే నిలబడి ఉన్నాడు. ఎవరితోనండీ అని అడిగాడు. డ్రైవరు గారు పక్కకి తిరిగారు. సీటు మీద ప్లాస్టిక్ కవరు తప్ప ఏమీ లేదు.

"ఆ తర్వాత మా మాట వినలేదమ్మా," అన్నాడు మేస్త్రి. "చివరి బండి ఎక్కించుకుని తెస్తుంది, ఆగండి అంటున్నా వినకుండా, మీ కోసం బండి వెనక్కి తీశారు. వెనకెవరూ లేకుండానే. తిన్నగా బురదలోకి."

కండక్టరమ్మకి ఆ చివరి మాట ఎక్కడో తగిలింది. వెనక ఎవరూ తట్టకుండా ఆయన బండి వెనక్కి తీయడం ఆమె ఎరగదు.

డ్రైవరు గారు అప్పుడు చూశారు, వచ్చిన బండిలో స్టీరింగు వెనక ఎవరున్నారో. దగ్గరికి వచ్చారు. ఆమెని తలనుంచి కాళ్ళదాకా చూశారు, ఎక్కడా దెబ్బ లేదని రూఢి చేసుకున్నారు. ఆ తర్వాత ఆయన నోటినుంచి వచ్చిన మొదటి మాట:

"దిగేటప్పుడు చెప్పి దిగొద్దూ?"

"చెప్పడానికి సందెక్కడిచ్చారు? మేనేజరు టైర్లు అమ్ముకోవడం పూర్తవ్వాలిగా."

చుట్టూ ఉన్నవాళ్ళు పక్కకి తిరిగి దగ్గారు. డ్రైవరు గారు బురదలోని బండి వైపు నడుస్తూ, ఇది నేను చిటికెలో తీసేస్తాను అన్నారు. ఆమె కదల్లేదు. మరి వెనక ఎవరుంటారు అని మాత్రం అడిగింది. ఆయన ఆగిపోయారు. ఇలాంటి చోట బండి కదలాలంటే వెనక నిలబడి చెప్పేవాళ్ళు ఒకరుండాలి, అది ఆయన నియమమే. ఆమె వెనకుంటే ఆయన ముందు, మళ్ళీ పాత కథే. జేబులోంచి తాళం తీసి ఆమె చేతిలో పెట్టారు. తాను వెనక్కి వెళ్ళారు.

వెనక నిలబడటం కూడా ఒక పనేనని, అది తనకి రాదని ఆయనకి అప్పటిదాకా తెలియదు. కండక్టరు ఎప్పుడూ పక్కగా, అద్దంలో కనిపించేలా నిలబడుతుంది. ఆయన తిన్నగా చక్రం వెనకే నిలబడి, పోనీ పోనీ అని బస్‌స్టాండులో అరిచినట్టు అరిచారు. కండక్టరమ్మ యాక్సిలరేటరు నొక్కింది. చక్రాలు గిర్రున తిరిగి, బురదంతా ఎత్తి ఆయన మీద పోశాయి. ఇంకో నొక్కు నొక్కేసరికి బండి ఒక్క ఊపున బయటికి దూకి, హోల్డాన్ అనవలసిన మనిషి కళ్ళు తుడుచుకుంటూ ఉండగా, వెళ్ళి గట్టు రాయికి రాసుకుంది.

అందరూ దగ్గరికి వచ్చి చూశారు. కొత్త బండి, మడ్‌గార్డు మీద జానెడు గీత.

డ్రైవరు గారు బురద కారుతూ వచ్చి గీతని చూశారు. వేలితో ఒకసారి రుద్దారు. అది గీతే, పోయేది కాదు. ఆమె మొహం చూశారు. పక్కవైపుకి వెళ్ళి, సీటు మీదున్న ప్లాస్టిక్ కవరు పరపరా చింపి తొట్టిలో పడేసి, బురద బట్టలతోనే సీట్లో కూర్చుని హెల్మెట్టూ బెల్టూ పెట్టుకున్నారు.

మిగతా దిగుడంతా కండక్టరమ్మే నడిపింది. మొదట ఆయన నేల తన్నుతూ, లేని బ్రేకుని నొక్కుతూ, మలుపు, మలుపు, నెమ్మది, రాయి అంటూ ఉన్నారు. ఆమె ఊఁ కొట్టింది. తర్వాత చెట్ల మధ్య మెత్తటి దారి వచ్చింది. మాటల మధ్య ఎడం పెరిగింది. కాసేపటికి మలుపులో ఆయన ఏమీ అనలేదు. అలిగారేమో అనుకుని ఆమె పక్కకి చూసింది.

డ్రైవరు గారు నిద్రపోతున్నారు. హెల్మెట్టు ఇనప గొట్టానికి ఆనించి, చేతులు ఒళ్ళో వదిలేసి, నోరు తెరిచి.

బస్సులో ఇంటికి పోతున్నా, కూతురి కారెక్కినా, రైలెక్కినా కన్ను మూయని మనిషి. ఎవరు నడుపుతున్నా ఆయనకి నమ్మకం ఉండదు. కూతురి కారులో కూడా ఊరొచ్చేదాకా దారంతా ఆయన కళ్ళే నడుపుతాయి.

కిందికి చేరేసరికి ముందు బళ్ళన్నీ వరసగా ఆగి ఉన్నాయి. పళ్ళ డాక్టరమ్మ తన బండి దిగి దగ్గరికి వచ్చింది. హెల్మెట్టులోకి తొంగి చూసి, గొంతు తగ్గించి, పైవరసలో ఒకటి పుచ్చిందనీ, ఈ వారంలో తీసుకురమ్మనీ చెప్పింది. తాళాల మేస్త్రి ఇంజను ఆపమని చెయ్యి ఊపాడు.

కండక్టరమ్మ ఇంజను ఆపలేదు. నిద్రపోయే ప్యాసింజరు కుదుపులకి లేవడు, బ్రేకులకి లేవడు. బండి ఆగి ఇంజను చప్పుడు పోయిందో, ఉలిక్కిపడి లేచి ఏ ఊరొచ్చిందని అడుగుతాడు. ఆమె మేస్త్రికి నోటి మీద వేలు పెట్టి చూపించి, స్టీరింగు నెమ్మదిగా తిప్పి, మళ్ళీ కొండబాట పట్టింది.